భీమిలిలో మా మావగారి గొడవ

‘సీ వ్యూ’ గది అని ఫోన్లో ఫొటో పెట్టి 2,400 తీసుకున్నారు. కిటికీ తీస్తే ఎదురుగా పక్కింటి వాటర్ ట్యాంకు, దాని మీద రెండు కాకులు. ఇదేంటని అడిగితే “మేడెక్కితే కనబడుద్ది సార్” అన్నాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. మేడకి తాళం. వేణ్ణీళ్లకి విడిగా 150. రాత్రి కరెంటు పోతే జనరేటర్ ఉంది గానీ డీజిల్ లేదట. బుక్ చేసింది నేనే కాబట్టి మా ఆవిడ తెల్లారేదాకా నాతో మాట్లాడలేదు.

మావగారి కోపం మాత్రం వేరే. మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. రశీదులో ఊరి పేరు దగ్గర ‘వైజాగ్’ అని ఉంది. “1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరయ్యా ఇది! దేశంలోనే పాతవాటిలో ఒకటి. విశాఖ కార్పొరేషన్లో కలిపేస్తే పేరు కూడా పోవాలా?” అని ఆ కుర్రాడి మీద పడ్డారు. వాడికి ఏం అర్థమైందో, పాపం, టీ తెప్పించాడు.

పొద్దున్న డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లాం. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికొచ్చి ఇక్కడ కోట కట్టుకున్నారు, 1825లో ఇంగ్లీషువాళ్ల చేతికి ఊరొదిలి పోయారు. మాకు కనబడినవి ఈ సమాధులే. కొన్ని శిఖరాల్లా నిటారుగా ఉన్నాయి. ఒక పలక మీద చెక్కిన అక్షరాల్ని మావగారు వేలితో తడుముతూ చదవబోయారు. ఉప్పుగాలికి సగం అరిగిపోయాయి. పక్కనే మేక ఒకటి తాపీగా గడ్డి మేస్తోంది. గడియార స్తంభం, గోస్తని సముద్రంలో కలిసే చోటు గంటలో చూసేశాం. ఎండకి పావురాళ్లకొండ ఎక్కలేదు.

మధ్యాహ్నం రేవు దగ్గర చిన్న హోటల్లో వంజరం వేపుడు, చేపల పులుసుతో భోజనం. ముగ్గురికీ 540. మా ఆవిడ మూతి అక్కడే విచ్చుకుంది. వడ్డించే పెద్దావిడని మావగారు అడిగారు, “మీది వైజాగేనా అమ్మా?”

“కాదు బాబూ, మాది భీమిలి.”

ఇంకో ముక్క వేయించుకున్నారు.

నా సలహా: ఇక్కడ గది తీసుకోకండి. విశాఖలోనే దిగి, బీచ్ రోడ్డు మీదుగా వచ్చే 900కె బస్సెక్కి పొద్దున్నే వచ్చి, భోంచేసి వెళ్లిపోండి. మేం గది ఖాళీ చేసేటప్పుడు రిజిస్టర్లో సంతకం పెట్టాల్సి వచ్చింది. అందులో పైన అచ్చేసిన ‘వైజాగ్’ని మావగారు ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన భీమిలి పూర్తి పేరు ‘భీమునిపట్నం’ అని గుండ్రంగా రాశారు. వేణ్ణీళ్ల 150 మాత్రం వాళ్లు తగ్గించలేదు.