సిక్లిడ్ మగదా ఆడదా: రంగు చూసి చెప్పాలా, తిప్పి చూడాలా, గుంపుగా కొని పెంచుకోవాలా?

చెన్నైలో సిక్లిడ్స్, అంటే అక్వేరియంలో పెంచుకునే ఒక చేపల కుటుంబం, కొనాలంటే రంగుచేపల షాపులుండే కొళత్తూరే కదా, అక్కడికెళ్ళి మనవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే, అన్నా ఒక జోడీ ఇవ్వండి అని. షాపాయన వల వేసి ఒక పెద్దది, ఒక చిన్నది పట్టి కవర్లో వేసి ఇస్తాడు, పెద్దది మగ, చిన్నది ఆడ అనే లెక్కన. ఆ లెక్క తప్పి రెండూ మగవే అయితే మాత్రం ఒకటి ఇంకోదాన్ని ట్యాంక్ మూలకి తరిమి తరిమి రెక్కలు చింపేస్తుంది. చాలామంది దాన్ని జబ్బనుకుని మందులు పోస్తారు, అది చూస్తే నిజంగా బాధేస్తుంది.

మగా ఆడా కంటే ముందు రకం తేల్చుకోవాలండీ, ఎందుకంటే ఒక రకానికి పనికొచ్చే గుర్తు ఇంకో రకానికి సరిగ్గా తిరగబడుతుంది. షాపులో మిక్స్‌డ్ ఆఫ్రికన్ ట్యాంక్, అంటే రకరకాల ఆఫ్రికా సిక్లిడ్స్ కలిపి ఉంచిన ట్యాంక్ ముందు నిలబడి పసుపు చేపల్ని మాత్రం చూడండి. ఒళ్ళంతా పసుపుగా ఉండి వీపు రెక్క పొడవునా నల్ల పట్టీ ఉంటే ఎల్లో ల్యాబ్. తల నుంచి తోక దాకా అడ్డంగా తెలుపు అంచుతో నల్ల గీతలుంటే ఆరాటస్. గీతలు పైనుంచి కిందికి, అదీ మసగ్గా ఉంటే కెన్యీ. మూడూ ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలే. కెన్యీలో పసుపుది మగ, నీలంది ఆడ. ఆరాటస్‌లో పసుపుది ఆడ లేదా ఇంకా ఎదగని పిల్ల, మగది పెద్దయ్యాక నల్లబడుతుంది. ఎల్లో ల్యాబ్‌లో రెండూ పసుపే! ఇక రంగు చూసి మగాడని చెప్తే ఏం నమ్మాలి?

అయినా రంగుని పూర్తిగా తీసిపారేయట్లేదు. కాన్విక్ట్ అనే సిక్లిడ్ రకంలో ఆడదానికి పొట్ట పక్కన నారింజ రంగు వస్తుంది, రామ్ అనే ఇంకో రకంలో ఆడదానికి పొట్ట గులాబీగా ఉంటుంది, ఈ రెండింటికీ పెద్ద చేపైతే కళ్ళతో చూస్తే చాలు. పీకాక్స్ అనే మలావీ రకం దగ్గరే జాగ్రత్త. అందులో ఆడవి, చిన్నపిల్లలు మామూలుగా బూడిద రంగులోనే ఉంటాయి, అందుకని రెండంగుళాల పిల్లలన్నీ ఒకేలా మెరిసిపోతుంటే హార్మోన్ పెట్టారేమో అని అనుమానించాల్సిందే. హార్మోన్‌తో ఆడదానికి కూడా మగ రంగు వస్తుంది, ఇంటికొచ్చాక కొన్నాళ్ళకి దిగిపోతుంది.

ఇంకొంతమంది పొట్ట వెనక, తోకకి ముందుండే కింది రెక్క మీద గుండ్రటి పసుపు చుక్కలు, అవే ఎగ్ స్పాట్స్, ఉంటే మగదే అంటారు. మలావీ చేపల్లో ఆడది గుడ్లు నోట్లో పెట్టుకుని మోస్తుంది, మగదాని చుక్కల దగ్గరికి నోరు తెచ్చినప్పుడే లోపలి గుడ్లు ఫలదీకరణం అవుతాయి, కాబట్టి మగవాటికి చుక్కలు కొట్టొచ్చినట్టు ఉండటం నిజమే. కానీ ఆడవాటికీ చుక్కలు వస్తాయి, పైగా బలమైన మగది పక్కనుంటే అణిగిపోయిన మగది ఆడ రంగులోనే ఉండిపోతుంది. ఒక్క చుక్క చూసి డబ్బులు కట్టకండి.

మలావీ రకాలకి నా ఓటు వెంటింగ్‌కే, అంటే చేపని తిప్పి కింది రంధ్రాలు చూసి చెప్పడానికే. చేప మూడంగుళాలు దాటాలి, అంతకంటే చిన్నదైతే ఏమీ తెలీదు. చెయ్యి తడుపుకుని, తడి వలలోనే మెల్లగా వెల్లకిలా తిప్పి, కింది రెక్క ముందు చూడండి, రెండు రంధ్రాలుంటాయి. తల వైపుది మలద్వారం, తోక వైపుది జననరంధ్రం. రెండూ దాదాపు ఒకే సైజులో ఉంటే మగ, తోక వైపుది వెడల్పుగా, కోలగా, ముందుదానికంటే బాగా పెద్దగా ఉంటే ఆడ. ఫోన్లో ఒక ఫోటో తీసి వెంటనే నీళ్ళలో వదిలేయండి, తర్వాత తీరిగ్గా జూమ్ చేసుకోవచ్చు. ఒక్క చేపని చూస్తే అయోమయంగానే ఉంటుంది, అదే రకానివి మూడు నాలుగు పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఫ్లవర్‌హార్న్‌కి కూడా ఇదే నయం, అది మనుషులు సంకరం చేసి పుట్టించిన చేప, తల మీద కోక్, అంటే బుడిపె, ఉందని మగ అనుకోలేం, ఆడవాటికీ వస్తుంది.

ఏంజెల్ చేపకి, అదీ సిక్లిడే, మాత్రం ఈ పద్ధతులేవీ పనికిరావు. గుడ్లు పెట్టే సమయంలో గొట్టంలా ఒకటి బయటికొస్తుంది, సన్నగా మొనదేలి ఉంటే మగ, లావుగా మొద్దుగా ఉంటే ఆడ, అంతకుముందు ఎవరు చెప్పినా ఊహే. అందుకే ఆరు చిన్న పిల్లల్ని కొని పెంచి, వాటంతట అవే జత కట్టేదాకా ఆగాలి. ఖర్చు ఎక్కువే, పెద్ద ట్యాంక్ కావాలి, ఓపిక కావాలి. ఒక్కోసారి రెండు ఆడవి కూడా జత కట్టి గుడ్లు పెట్టేస్తాయి, గుడ్లన్నీ తెల్లబడిపోతుంటే ముందు ఆ గొట్టాలు ఇంకోసారి చూడండి.

నాలుగడుగుల ట్యాంక్‌లో ఎల్లో ల్యాబ్స్ పెట్టాలని అడిగితే నేనైతే ఎనిమిది పిల్లల్ని తెచ్చుకోమంటాను, మూడంగుళాలు దాటాక తిప్పి చూసి, ఒక మగదాన్ని, మూడు నాలుగు ఆడవాటిని ఉంచుకుని, మిగతా మగవి వెనక్కి ఇచ్చేయడం. ఎదిగిన చేపల్ని తీసుకుంటారా లేదా అని మాత్రం కొనే రోజే షాపాయన్ని అడిగి పెట్టుకోండి.