హోస్ట్ గెలాక్సీ కోసం ఏది మేలు: ఎక్స్‌రే స్థానమా, ఆప్టికల్ స్థానమా?

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో గామా కిరణ విస్ఫోటాల మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు: హోస్ట్ గెలాక్సీని (విస్ఫోటం జరిగిన గెలాక్సీని) వెతకడానికి స్విఫ్ట్ ఉపగ్రహంలోని ఎక్స్‌రే టెలిస్కోపు (ఎక్స్‌ఆర్‌టీ) ఇచ్చే స్థానం చాలదా, ఆప్టికల్ ఆఫ్టర్‌గ్లో (విస్ఫోటం తర్వాత మామూలు కాంతిలో మిగిలే వెలుగు) దొరికినవే తీసుకోవాలా?

ఎక్స్‌రేతో విస్ఫోటాలు ఎక్కువ దొరుకుతాయి. దట్టమైన ధూళి వెనక పడి ఆప్టికల్‌లో కనిపించనివీ అందులో ఉంటాయి. ఆప్టికల్‌కే కట్టుబడితే ధూళి నిండిన గెలాక్సీలు జాబితాలోకే రావు. ఇది చిన్న లోటేమీ కాదు.

అయినా తేల్చేది పొరపాటు వృత్తం సైజే, అంటే అసలు స్థానం ఎంత మేరలో ఉండొచ్చో. 24 మాగ్నిట్యూడ్ (ప్రకాశం కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) వరకు లెక్కపెడితే చదరపు ఆర్క్‌సెకండుకు (ఆర్క్‌సెకండు డిగ్రీలో 3600వ వంతు) సుమారు 0.005 గెలాక్సీలు ఉంటాయి. ఎక్స్‌రే స్థానానికి 2 ఆర్క్‌సెకండ్ల వ్యాసార్థం అనుకుంటే అందులో సంబంధం లేని గెలాక్సీ యాదృచ్ఛికంగా పడే అవకాశం 6 శాతం, ఆప్టికల్‌కి 0.5 అయితే 0.4 శాతమే. ఇరవై విస్ఫోటాలు తీసుకుంటే 6 శాతం చొప్పున సగటున ఒకటికి తప్పు గెలాక్సీ అంటగట్టినట్టే. పైగా ఎక్స్‌ఆర్‌టీ వృత్తం 90 శాతం నమ్మకానిది, పదింటిలో ఒకదాని అసలు స్థానం దాని బయటే ఉంటుంది. విస్ఫోటాన్ని మొదట పట్టే స్విఫ్ట్ పరికరం బ్యాట్ ఇచ్చే స్థానం 3 ఆర్క్‌నిమిషాలంటే అందులో దాదాపు 500 గెలాక్సీలు; దాని జోలికి పోవద్దు.

అందుకే ముందు ఆప్టికల్. గెలాక్సీ 21 మాగ్నిట్యూడ్ లేదా అంతకన్నా ప్రకాశవంతమైతే మాత్రం ఎక్స్‌రే 2 ఆర్క్‌సెకండ్లతోనూ అవకాశం 0.6 శాతానికి దిగుతుంది, అప్పుడు నిశ్చింతగా వాడొచ్చు.

లెక్క చెడేది ఎక్కువగా ఇక్కడే: స్థానం గెలాక్సీ వెలుగుకి బయట పడితే వ్యాసార్థంగా స్థానం నుంచి గెలాక్సీ కేంద్రానికి ఉన్న దూరాన్ని ఒక్కదాన్నే వేస్తారు. దూరం వర్గానికి, సగం వెలుగు వ్యాసార్థం (గెలాక్సీ వెలుగులో సగం ఇమిడేది) వర్గాన్ని నాలుగు రెట్లు చేసి కలిపి, వర్గమూలం తీయాలి. పొట్టి విస్ఫోటాలకైతే (సుమారు రెండు సెకన్ల లోపువి) దగ్గరి గెలాక్సీతో ఆగకండి. వీటికి మూలమైన న్యూట్రాన్ తారల జంటలు పుట్టిన చోటు నుంచి చాలా దూరం కొట్టుకుపోయి ఉండొచ్చు. చుట్టుపక్కల ప్రకాశవంతమైన ప్రతి గెలాక్సీకీ ఇదే లెక్క వేసి, తక్కువ వచ్చినదాన్ని తీసుకోండి.

గెలాక్సీల చిత్రాలకు ఆకాశ సర్వేలైన లెగసీ సర్వే, అది లేనిచోట ప్యాన్‌స్టార్స్ (డెక్లినేషన్, అంటే ఆకాశంలో అక్షాంశం, -30 డిగ్రీలకు ఉత్తరాన మాత్రమే). విస్ఫోటానికి ముందు తీసినవైతే ఆఫ్టర్‌గ్లో వెలుగు కలవదు. ఆఫ్టర్‌గ్లో చిత్రాన్నీ, సర్వే చిత్రాన్నీ గయా ఉపగ్రహం కొలిచిన తారల స్థానాలతో సరిచూసి, ఆ పొరపాటును కూడా వృత్తంలో కలపండి. మేడమీద 8 అంగుళాల టెలిస్కోపుకి 23 మాగ్నిట్యూడ్ గెలాక్సీ అందదు. సర్వేలోనూ ఏమీ కనబడకపోతే ‘హోస్ట్ లేదు’ అని రాయకండి, ఆ చిత్రం లోతు ఎంతో ఆ మాగ్నిట్యూడ్‌ని పరిమితిగా రాయండి.