ఓపెన్‌డీపీ లైబ్రరీ: లెక్క పక్కా, మొదటి రోజే కాస్త కష్టం

డిఫరెన్షియల్ ప్రైవసీని (ఫలితాలకు కాస్త యాదృచ్ఛిక తేడా, అంటే నాయిస్, కలిపి ఒక్కో మనిషి వివరాలు బయటపడకుండా చూసే పద్ధతి) పాఠంతో ఆపకుండా నిజమైన డేటా మీద నడపాలనుకునేవాళ్లకు హార్వర్డ్‌లో పుట్టిన ఓపెన్‌డీపీని గట్టిగా సిఫారసు చేస్తాం. లోపల రస్ట్, వాడేది పైథాన్‌లోనో ఆర్‌లోనో. పిప్‌తో వేసుకున్నాక ‘కాంట్రిబ్’ ఫీచర్ (పూర్తి పరిశీలన ఇంకా అవ్వని కోడ్‌ను వాడేందుకు ఒప్పుకోలు) ఆన్ చేయకపోతే చాలా ఫంక్షన్లు ఎర్రర్ కొడతాయి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైతో మామూలుగా కలిపే లాప్లాస్ నాయిస్‌లో (ఈ పద్ధతిలో వాడే ఒక రకం నాయిస్) ఫ్లోటింగ్ పాయింట్ (కంప్యూటర్ దశాంశ సంఖ్యలను దాచే తీరు) చివరి బిట్లు అసలు విలువను బయటపెట్టగలవని 2012లోనే పరిశోధకుడు ఇల్యా మిరోనోవ్ చూపించారు. ఓపెన్‌డీపీలో నాయిస్ తీసే కోడ్‌ను ఆ లీకును దృష్టిలో పెట్టుకునే రాశారు. సొంతంగా కోడ్ రాసుకోవద్దనడానికి ఇదొక్కటి చాలు.

క్లాసులో చెప్పడానికి వయసుల మొత్తం మంచి ఉదాహరణ. వయసులను 0 నుంచి 100కి క్లాంప్ చేసి (ఆ హద్దులు దాటినవాటిని హద్దుకే తెచ్చి) ఎప్సిలాన్ (ఎంత సమాచారం బయటపడొచ్చో చెప్పే కొలత; తక్కువైతే రక్షణ ఎక్కువ) 0.5 ఇస్తే నాయిస్ స్కేల్, అంటే దాని పరిమాణం, 100/0.5 = 200 వస్తుంది. నూటికి 95 సార్లు మొత్తంలో తేడా 600 లోపే. 100 మంది సగటులో అది 6 ఏళ్లు, అంటే పనికిరాదు. 10,000 మందిలోనైతే 0.06.

పెద్ద ప్రమాదం వేరే చోట ఉంది. కాంట్రిబ్యూషన్స్ (ఒక మనిషివి గరిష్ఠంగా ఎన్ని వరుసలు) 1 అని రాసి, డేటాలో ఒకే రోగివి 10 వరుసలుంటే లైబ్రరీ పట్టుకోలేదు. అసలు ఎప్సిలాన్ పది రెట్లవుతుంది. మనిషికి ఇన్ని వరుసలే అని ముందే కత్తిరించండి. బడ్జెట్ (మొత్తంగా ఖర్చు చేయగల ఎప్సిలాన్) అయిపోతే మాత్రం కాంటెక్స్ట్ (లైబ్రరీలో ఆ లెక్క చూసే భాగం) తర్వాతి క్వెరీని ఒప్పుకోదు.