ఇంటి చదువా, ఊరి బడా: మా పర్లాకిమిడిలో ఏది మేలు?

"ఏటొదినా, చిన్నగుంటని బడి మానిపించీసి ఇంట్లోనే చెప్పినావట గదా. మావోడ్ని కూడా మానిపించీమంటావా?"

ఈ ఏడాది ఈ మాట నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. సంతలో అడిగారు, పెళ్లి భోజనాల దగ్గర అడిగారు, సరిహద్దు అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్లే ఆటోలో ముక్కూ మొహం తెలియని ఆవిడ కూడా అడిగింది. ఒక్కొక్కరికీ అరగంట చెప్పి గొంతు పోతోంది కాబట్టి రాసి పెడుతున్నాను. మా పర్లాకిమిడి ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు మీద ఉంది; మా ఇంట్లో తెలుగు, ఊరి గవర్నమెంటు బడిలో ఒడియా. ముందే చెప్పేస్తున్నా, నేను టీచర్ని కాను. డిగ్రీ చదివి ఇంట్లో కుట్టుమిషను పెట్టుకున్నదాన్ని. మావారికి విశాఖలో పని, వారానికోసారి వస్తారు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో రెండేళ్లు చదివి, అక్కడి నుంచి గవర్నమెంటు ఒడియా బడికి మారింది, ఇప్పుడు ఐదో తరగతి. చిన్నదాన్ని ఒకటో తరగతి మధ్యలో మానిపించి పద్నాలుగు నెలలు ఇంట్లోనే చెప్పాను. ఇప్పుడు అదీ ఆ ఒడియా బడికే వెళ్తోంది. మొత్తానికి మూడు రకాల చదువులూ మా ఇంట్లోనే అయ్యాయి.

అడిగినవాళ్లందరి ఫిర్యాదూ ఒకటే: బడిలో ఏమీ చెప్పట్లేదని. అది వట్టి మాట కాదు. ప్రథమ్ సంస్థ పల్లెల్లో చేసే అసర్ సర్వేలో 2024లో దేశం మొత్తం మీద గవర్నమెంటు బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో 16.3 శాతమే. పెరిగిందని సంతోషించాలో, నలుగురిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరని ఏడవాలో మీ ఇష్టం.

అయితే దీనికి టీచర్లని తిట్టి ఊరుకోవడం నాకు నచ్చదు. ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది దాకా పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకి ఇద్దరు టీచర్లుంటే చాలు. తరగతులు ఐదు. ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల చదువు అని అదే చట్టం చెబుతుంది. అంటే రోజుకి నాలుగు గంటలు. ఇద్దరు టీచర్ల ఎనిమిది గంటలు ఐదు తరగతులకి పంచితే ఒక్కో తరగతికి వచ్చేది గంటా ముప్పై ఆరు నిమిషాలు. తరగతిలో పన్నెండు మంది ఉన్నారనుకోండి, ఒక్కో పిల్లకి ఎనిమిది నిమిషాలు. అన్ని సబ్జెక్టులూ కలిపే ఎనిమిది. అదీ ఇద్దరూ సెలవు పెట్టకుండా, మధ్యాహ్న భోజనం లెక్కలకీ మీటింగులకీ పోకుండా ఉంటే.

నా మటుకు తేల్చాల్సిన విషయం ఇక్కడే ఉంది. బడా, ఇల్లా అన్నది తర్వాత. పిల్ల పైకి చదువుతుంటే పక్కన కూర్చుని వినే మనిషి ఉన్నారా లేరా? ఇది నాకు తెలిసొచ్చింది పెద్దదాని వల్ల.

అది ఒకటో తరగతిలో ఉన్నప్పుడు, ఇంగ్లీషు మీడియంలో, నక్క పాఠం గడగడా అప్పజెప్పేది. ప్రోగ్రెస్ కార్డులో ఏ ప్లస్. చుట్టాలొస్తే చదివించి మురిసిపోయేవాళ్లం. ఒక సాయంత్రం జాకెట్టుకి హుక్కులు కుడుతూ, అది చదువుతుంటే ఊరికే పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటమ్మా" అన్నాను. నా మొహం చూసింది. పాఠం మళ్లీ మొదటి నుంచి అందుకుని, ఆ మాట దాకా వచ్చి, అక్కడ ఆగి, గబుక్కున చెప్పింది. నాకు గుండె ఝల్లుమంది. పేజీ తిప్పి, బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టి "ఇప్పుడు చదువు" అన్నాను. మొదలే పెట్టలేకపోయింది. రెండేళ్లు ఫీజు కట్టి మేం కొనుక్కున్నది పాట. చదువు కాదు. ఆ బడి వాళ్లని అడిగితే "రీడింగ్ ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి మేడమ్" అన్నారు. ఇంగ్లీషు మీడియం గురించి ఇక ఇంతకన్నా రాయను. అందరూ ఇలాగే ఉంటారని కాదు, మీ పిల్ల పుస్తకం మీద కూడా ఒకసారి అరచెయ్యి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

ఒడియా బడి కథ వేరు. అక్కడి గురుమా, అంటే టీచరమ్మ, మంచి మనిషి. పిల్లలు రాకపోతే ఇంటికి కబురు పెడుతుంది. కానీ ఆమెకి తెలుగు రాదు, మా పిల్లకి అప్పటికి ఒడియా రాదు. పరీక్షలో కోడి బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే పెద్దది "కోడి" అంది. అక్కడ చెప్పాల్సింది "కుకుడా". తప్పు పడింది. మా పెరట్లో నాలుగు కోళ్లున్నాయి, వాటికి నూకలు వేసేది అదే! పిల్లకి కోడి తెలియదని కాగితం మీద రాసి ఉంది. నీళ్లంటే పాణి, ఇల్లంటే ఘొరొ అని అలవాటు పడేదాకా, అంటే దాదాపు ఏడాది, ఆ ఎనిమిది నిమిషాలు కూడా దానికి పనికి రాలేదు.

చట్టంలో దీనికి దారి లేకపోలేదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా రాష్ట్రాలు చూడాలని 1956లోనే రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. తరగతిలో పదిమందో, బడి మొత్తంలో నలభై మందో ఉంటే ఆ భాష టీచరుని ఇవ్వాలని అంతకు ముందు నుంచే ఒక లెక్క ఉంది. కానీ మా పక్క తెలుగు టీచరు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోవడం చూస్తూనే ఉన్నాం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష తాను నేర్చుకుని, పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు కలిసినప్పుడు ఆయన ఊరే వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మనం వెళ్లలేం. ఇల్లూ వాకిలీ ఇక్కడే.

ఇవన్నీ చూసి విసుగెత్తి, చిన్నదాన్ని మానిపించాను.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే అందరికీ పోలీసులొస్తారేమోనని భయం. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని విద్యాహక్కు చట్టం పదో సెక్షన్ చెబుతుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకి శిక్ష అని మాత్రం అందులో లేదు. ఇంటి చదువుని అది ఒప్పుకున్నదీ లేదు, కాదన్నదీ లేదు. తిరిగి బడికి పంపాలనుకుంటే నాలుగో సెక్షన్ ఉంది, వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందని కాదనడానికి లేదు. ఇంట్లోనే పెద్దయితే పద్నాలుగేళ్లు నిండాక ఎన్ఐఓఎస్‌లో, అంటే కేంద్రం వాళ్ల ఓపెన్ స్కూల్లో, పదో తరగతి కట్టొచ్చు, తెలుగులో కూడా రాయొచ్చు.

ఇక జరిగింది చెబుతాను. ఆంధ్రా ఒకటో తరగతి తెలుగు వాచకం పీడీఎఫ్ దింపి ప్రింటు తీయించాను. పొద్దున రెండు గంటలు, అంతే. నాలుగు నెలలకి పిల్ల చదవడం మొదలుపెట్టింది, అప్పజెప్పడం కాదు. పాల ప్యాకెట్టు, బియ్యం బస్తా, పాతపట్నం బస్టాండులో బోర్డులు, ఏది కనబడితే అది కూడబలుక్కునేది. ఈ విషయంలో ఇంటి చదువుకి బడి సాటి రాదు, నేను ఎవరితోనైనా వాదిస్తాను.

మరి ఎందుకు మళ్లీ బడికి పంపానంటే, కారణం నేనే. దసరాకి ముందు, పెళ్లిళ్ల సీజన్లో కుట్టుపని మీద పడుతుంది. ఆ రోజుల్లో మా "బడి" వారానికి మూడు రోజులు, ఒక్కోసారి రెండు. "అదిగో, ఆ పేజీ రాయి" అని చెప్పి మిషను మీద కూర్చుంటే అది నేను తిట్టిన బడికీ నాకూ తేడా ఏముంది? ఆడవాళ్లం ఒక మాట ఒప్పుకోవాలి. ఇంటి చదువు అంటే మన ఇళ్లల్లో అమ్మ చదువే. నాన్న వారానికోసారి వచ్చి "ఎంతవరకు వచ్చింది" అని అడుగుతాడు. సంపాదించే తల్లి పొద్దున పదింటికి ఖాళీగా ఉండదు. ఇంట్లో ఉన్నాం కదా అని ఖాళీగా ఉన్నట్టు కాదు.

రెండో కారణం ఒడియా. ఏడాది గడిచేసరికి చిన్నది దుకాణంలో నా కొంగు వెనక దాక్కునేది. ఈ రాష్ట్రంలో ఆఫీసు కాగితం, పదో తరగతి కటక్ బోర్డు పరీక్ష, రేపు ఉద్యోగం, చాలామటుకు అన్నీ ఒడియాలోనే. ఆ భాష నేను మాట్లాడగలను కానీ నేర్పలేను. వీధిలో పదిమంది పిల్లలతో ఆడితే వచ్చేది నా వంటింట్లో రాదు. పోట్లాడుకోవడం, వరసలో నిలబడటం, పంచుకుని తినడం కూడా అక్కడే వస్తాయి. మూడో కారణం చిన్న విషయమే అనుకోండి, అమ్మ టీచరైతే ప్రతి తప్పుకీ ఏడుపే. గురుమా ముందు ఎందుకు ఏడవదో!

అయితే బడికి పంపాక నేను అనుకోనిది ఒకటి చూశాను. పెద్దదానికి ఒడియా అక్షరాలు పట్టుబడటానికి ఏడాది దాటింది. చిన్నదానికి మూడు నెలలు కూడా పట్టలేదు. అది అక్క కన్నా తెలివైనదేమీ కాదు. తెలుగులో క కా కి కీ చదవడం వచ్చిన పిల్లకి ఒడియా గుణింతం కూడా అదే వరస, అక్షరం ఆకారమే వేరు. చదవడమంటే ఏమిటో తన భాషలో ఒకసారి తెలిశాక రెండో లిపి వట్టి బొమ్మల తేడానే. పెద్దది అటు నుంచి ఇటు వచ్చింది, దాని తిప్పలు చూడాలి. ఒడియాలో క అని రాసి కొ అంటారు కదా, అది మొదట తెలుగు చదివినప్పుడు "కడప"ని "కొడొపొ" అంది. మా మామ్మ పడీపడీ నవ్వింది. తెలుగులో సున్నా అయిన గుండ్రం ఒడియాలో ఠ. పక్కన కూర్చుని వినేవాళ్లుంటే ఇవన్నీ వారంలో తీరిపోయే తప్పులు. లేకపోతే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి.

కాబట్టి నా ఓటు ఊళ్లో ఒడియా బడికి, దాంతో పాటు రాత్రి ఇంట్లో ముప్పావుగంట తెలుగుకి. వీలైతే తెలుగు ముందు మొదలుపెట్టండి, బడిలో వేయకముందే, ఐదో ఏట. రోజూ పైకి చదివించి వినడం ఒక్కటే పని. రాయించడం, హోంవర్కు అన్నీ తర్వాత. పూర్తిగా ఇంట్లోనే చెప్పడం ఎవరికి పనికొస్తుందంటే, ఆరోగ్యం బాగాలేని పిల్లలకి, బడిలో దెబ్బలకో వెక్కిరింపులకో భయపడిపోయిన పిల్లలకి, అది కూడా చదువు వచ్చిన తాతయ్యో అత్తయ్యో పూట మొత్తం ఇంట్లో ఉంటే. చేసేవాళ్లు ఏడాదికి మించకుండా చూసుకోండి. అలా ఏడాదిలో గాడిలో పడ్డ పిల్లలు నాకు తెలుసు.

పాతపట్నం బడికి రోజూ ఆటోలో పంపేవాళ్లు కూడా ఉన్నారు. ఆంధ్రా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉంటాయి, అది బాగుంది. కానీ రేపు కులం సర్టిఫికెట్టు, స్థానికత అంటూ రెండు రాష్ట్రాల మధ్య తిరగాల్సి వస్తుంది, ఆ ఓపిక ఉంటే సరే. ట్యూషన్ అంటారా, ఇరవై మందిని కూర్చోబెట్టి హోంవర్కు పూర్తి చేయిస్తారు, అది చదువు కింద లెక్క కాదు. గవర్నమెంటు వాళ్ల దీక్షా యాప్‌లో పాఠాలు బాగానే ఉంటాయి, ఫోను చెబుతుంది, పిల్ల చదివింది వినదు.

అన్నట్టు, మొదట అడిగిన వదిన కొడుకు బడి మానలేదు. రాత్రి ఏడింటికి పుస్తకం పట్టుకుని మా అరుగు మీదికి వస్తున్నాడు. మా చిన్నది వాడి పక్కన కూర్చుని వేలు పెట్టి చదివిస్తోంది. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెడితే మాత్రం వాడికి ఇంకా కోపమొస్తోంది.