అగేవ్‌లు కొనాలనుకునేవాళ్లకి: ఫీనిక్స్ ఎండలో ఏళ్ల తరబడి పెంచాక నా మాట

అగేవ్ అంటే లావు మట్టలు, ముళ్లు ఉండే ఎడారి మొక్క. దాని ఖరీదుకీ అందానికీ పెద్దగా సంబంధం లేదు. అది ఎన్ని పిలకలు వేస్తుందన్నదాన్ని బట్టే ధర. వద్దు మొర్రో అన్నా పిలకలు వేస్తూ పోయేదాన్ని ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్లుండరు. ఒక్క పిలకా వేయకుండా బిగదీసుకుని కూర్చునేదానికి మాత్రం ఎగబడతారు. అరిజోనాలో, ఫీనిక్స్ పక్కనున్న ఛాండ్లర్‌లో, మా పెరట్లో ఏళ్ల తరబడి వీటిని కొని, పెంచి, ఇచ్చిపుచ్చుకుని, కొన్నింటిని చేజేతులా చెత్తబుట్టకి మోశాక నాకు తేలిన లెక్క ఇది. కొత్తవాళ్లు ఈ లెక్క తెలుసుకుని దిగితే చాలా డబ్బు మిగులుతుంది.

చవగ్గా దొరుకుతుందని చాలామంది ముందు తెచ్చుకునేది అగేవ్ అమెరికానా. మన సీమలో పొలం గట్ల మీద, రైలు కట్టల వెంబడి కంచెలా పెరిగే రాకాసిమట్టలు కూడా ఈ కుటుంబానివే. మా నాన్న అనంతపురం నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు నర్సరీలో ధర చీటీ చూసి, "గట్టు మీద ఊరికే పడుండేదానికి ఇంత దుడ్డు పోస్తారేమిరా మీ ఊర్లో?" అన్నాడు. ఆ మాటలో తప్పేం లేదు. చిన్న కుండీలో ముద్దుగా కనబడే ఆ మొక్క నేలలో వేశాక మనిషెత్తు లేచి, అంతకంటే వెడల్పుగా పరుచుకుంటుంది. తల్లికి నాలుగైదు అడుగుల దూరంలో కూడా కంకర చీల్చుకుని పిలకలు లేస్తాయి. సెంచరీ ప్లాంట్ అని పేరేగానీ వందేళ్లేమీ పట్టదు. పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల లోపు ఎప్పుడో ఒక వసంతంలో మధ్యలోంచి ఇరవై అడుగుల పూల గెడ వేస్తుంది. పూసిందంటే తల్లి మొక్క పని అయిపోయినట్టే. ఎండిన ఆ మొద్దును తీయించడానికయ్యే కూలి మొక్క కొన్న ధరకి ఎన్నో రెట్లు. కూలి దండగ అని పొట్టి నిక్కరు వేసుకుని మీరే రంపం పట్టకండి. దాని రసంలో కంటికి కనిపించనంత సన్నని కాల్షియం ఆగ్జలేట్ స్ఫటికాలుంటాయి, చర్మం మీద పడితే దద్దుర్లు లేచి మంటెత్తిపోతుంది.

అసలు ఇక్కడ అమెరికానా పూసేదాకా బతికితే అదృష్టమే. దీనికి ఒక ముక్కు పురుగు పడుతుంది. నల్లగా, అర అంగుళం పైచిలుకు ఉంటుంది. ఆడ పురుగు మట్టల మొదట్లో కొరికి గుడ్లు పెడుతుంది. ఆ గాటులోంచే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. మెత్తబడిన గుజ్జు తింటూ పిల్ల పురుగులు పెరుగుతుంటే పైకి ఏమీ తెలియదు. ఒకరోజు పొద్దున చూస్తే చుట్టూ మట్టలన్నీ నేలకి వాలిపోయి, మధ్య మొగ్గ ఒక్కటే నిటారుగా ఉంటుంది. పట్టుకుని ఊపితే మొక్క మొక్కంతా ఊడి చేతికొస్తుంది. కింద గోధుమరంగు ముద్ద, కడుపులో తిప్పే కంపు, ఆ ముద్దలో తెల్లని ఒళ్లు, ఎర్రటి తలతో కాళ్లు లేని పురుగులు. ఆ దశలో ఏ మందూ పనిచేయదు. మొక్కనీ, చుట్టూ మట్టినీ సంచిలో మూతి కట్టి పడెయ్యడమే, కంపోస్టులో మాత్రం వెయ్యొద్దు. శుభ్రంగా ఉన్న పిలకలు దొరికితే వేరు చేసి, కొన్నాళ్లు కుండీలో విడిగా ఉంచి చూడాలి. చాలామంది వసంతం మొదట్లోనే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కలిపిన నీళ్లు పోస్తారు. నేనూ పోస్తాను గానీ కుండీల్లో ఉన్న ఒకటి రెండు పెద్ద మొక్కలకే. పూతకొచ్చే వయసున్న వాటికి అస్సలు పొయ్యను, తేనెటీగలు, హమ్మింగ్‌బర్డ్‌లు వాలేది ఆ పూల మీదే కదా.

ఎడారి మొక్కని ఎండ ఏం చేస్తుందిలే అనేవాళ్లు 2023 జులైలో ఇక్కడ ఉండాల్సింది. జూన్ 30 నుంచి వరసగా 31 రోజులు ఫీనిక్స్‌లో పగలు 110 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా ఆపైనే, అంటే మన లెక్కలో 43 పైమాటే. రెంటచింతల ఎండలు చూసినవాళ్లకి పగటి వేడి కొత్తేం కాదు. అసలు దెబ్బ రాత్రిళ్లది. అగేవ్‌లు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి తీసుకుంటాయి. ఆ నెలలో చాలా రాత్రులు పాదరసం 90 ఫారన్‌హీట్ కిందకి దిగనే లేదు. తెరిస్తే నీరు పోతుంది, మూసుకుంటే తిండి లేదు. మరుసటి ఏడాది 2024లో వరసగా 113 రోజులు పగటి వేడి 100 ఫారన్‌హీట్ తగ్గలేదు. అందుకే వేరే ఊళ్లవాళ్లు రాసిన సలహాలు ఇక్కడ సగం పనికిరావు.

ఉదాహరణకి బ్లూ గ్లో అనే సంకర రకం. కాలిఫోర్నియాలో దానికి గొప్ప పేరు. మా ఇంట్లో పడమటి ఎండ తగిలిన వైపు మట్టలన్నీ తెల్లబడి ఎండిపోయాయి. దాని తల్లిదండ్రుల్లో ఒకటి అటెన్యువాటా, తీరప్రాంతపు చల్లదనంలో హాయిగా ఉండే రకం, ఈ మంటకి ఎలా తట్టుకుంటుంది? ప్యారీ ట్రంకాటా మధ్యాహ్నం నుంచి నీడ పడే చోట బాగుంది. విక్టోరియా రెజీనేకి మాత్రం నేను నూటికి నూరు వేస్తాను. ముదురాకుపచ్చ మట్టల మీద ముగ్గుపిండితో గీసినట్టు తెల్లని గీతలు. నత్తనడక పెరుగుదల, మంచి రూపాలు పిలకలు పెద్దగా వెయ్యవు. డబ్బు పెట్టాల్సింది ఇలాంటివాటి మీదే. విక్టోరియా రెజీనే, అరుదైన మొక్కలు, జంతువుల వర్తకాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది, కాబట్టి దేశం దాటించాలంటే కాగితాలు కావాలి. అన్నట్టు, ఏ రకమైనా వేసవిలో నీళ్లు మానెయ్యకండి. నేలలో ఉన్నవాటికి రెండు మూడు వారాలకోసారి లోతుగా తడపాలి. చలికాలపు తడే వీటిని చంపేది.

నా పెరట్లో ఎండకీ చలికీ మూతి ముడవని మొక్క అగేవ్ మర్ఫేయి. దీన్ని ఇక్కడి హోహోకామ్ ప్రజలు కొలంబస్ రాకముందే సాగు చేశారు. మధ్య గడ్డను గుంటలో కాల్చి తినేవారు, మట్టల నుంచి నార తీసేవారు. ఇప్పటికీ వాళ్ల పాత ఊళ్ల ఆనవాళ్ల దగ్గరే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఫీనిక్స్‌లోని డెజర్ట్ బొటానికల్ గార్డెన్‌లో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త వెండీ హాడ్జ్‌సన్ ఇలాంటి పాతకాలపు సాగు రకాలను మరికొన్నింటిని బయటపెట్టారు. 2001లో ఫిలిప్సియానా, తర్వాత 2013లో సహ పరిశోధకుడితో కలిసి వెర్డెన్సిస్, యవపాయెన్సిస్. ఇవి ఇంతకాలం నిలిచింది ప్రధానంగా పిలకల వల్లే, ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ. మనం వారాంతాల్లో కారు డిక్కీ తెరిచి చేసే బేరం ఈ నేలకి కొత్తదేమీ కాదన్నమాట. ఇంత చరిత్ర ఉన్నా మర్ఫేయికి ధర పలకదు. పూసినప్పుడు గెడ మీదే బల్బిల్స్ అనే బుల్లి మొక్కలు బోలెడు కాస్తుంది, ఇక ఎవరు కొంటారు? అలాగని అడవికెళ్లి వేరేవి తవ్వుకుందామనుకునేరు! అరిజోనాలో అడవి అగేవ్‌ని తవ్వాలంటే వ్యవసాయ శాఖ పర్మిట్, ట్యాగ్ ఉండాలి.

ఇక టైటనోటా పిచ్చి. మెక్సికోలోని వహాకా కొండల మొక్క, 1982లో వృక్షశాస్త్రవేత్త గెంట్రీ పేరు పెట్టారు. సేకర్తల చేతుల్లో చాలాకాలం అదే పేరుతో తిరిగిన మరో రూపాన్ని 2019లో ఓటెరోయి అని విడదీశారు. అమ్మేవాళ్లు మాత్రం ఇప్పటికీ రెండింటినీ టైటనోటా అనే అంటారు. పొట్టి మట్టలు, అంచుల్లో వంకర్లు తిరిగిన తెల్లటి లావు ముళ్లు. చైనా, తైవాన్, జపాన్, థాయిలాండ్‌లలో వీటిని చిన్న కుండీలో, ఎల్‌ఈడీ లైట్ల కింద, ఫ్యాన్ గాలిలో పెట్టి గుండ్రంగా పెంచుతారు. ఈ మోజు బాగా ముదిరిన రోజుల్లో అరచేతిలో పట్టే మొక్కకి వందల డాలర్లు అడిగారు. తర్వాత టిష్యూకల్చర్ మొక్కలు, అంటే ల్యాబులో చిన్న ముక్క నుంచి సీసాల్లో పెంచినవి, వెల్లువలా వచ్చిపడ్డాయి, ధరలు ఢమాల్. పిలకలు వెయ్యదు కాబట్టే అంత రేటు అనుకున్నది సీసాలో పిలకలు వేయడం మొదలెట్టింది మరి. ఇప్పుడు పేరున్న క్లోన్ (అచ్చం తల్లి మొక్కకి నకలు) కూడా అప్పటి ధరలో చిన్న వంతుకే వస్తోంది. తొందరేమీ లేదు, ఆగి కొనండి. లైట్ల కింద పెరిగినదాన్ని తెచ్చి నేరుగా జూన్ ఎండలో పెడితే మాత్రం వారం తిరక్కుండా మాడిపోతుంది. అలవాటు చేసే పని అక్టోబరులో మొదలుపెట్టాలి.

పిలకలు వెయ్యని మొక్కతో బలవంతంగా వేయించే పద్ధతి ఒకటుంది. డ్రిల్ మిషన్‌తో మధ్య మొగ్గలోకి నిలువుగా దించి, పెరిగే కొనను తవ్వేస్తారు. దిగుతున్నకొద్దీ బిట్ వెంట తెల్లటి పీచు చుట్టుకుని వస్తుంది, జిగట నీరు పైకి ఊరుతుంది. ఆ గుంటలో గంధకం పొడి చల్లి, నెల రోజులు నీళ్లు తగలకుండా ఉంచాలి. సవ్యంగా జరిగితే మట్టల సందుల్లోంచి ఒక్కొక్కటిగా పిలకలు ముక్కు బయటపెడతాయి. తల్లి రూపం మళ్లీ రాదు. నాలుగంగుళాలు పెరిగాక మొదటికంటా కోసి, నీడలో వారం పాటు గాయం ఆరనిచ్చి, ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వతపు రాయి) సగానికి పైగా ఉన్న మట్టిలో పెడితే వేళ్లు పట్టేస్తాయి. చూడ్డానికి మొరటుగా ఉంటుంది గానీ మారకానికి సరుకు ఇలానే పుడుతుంది.

మార్చుకునేటప్పుడు నా పద్ధతి సింపుల్. వేళ్ల దగ్గర మట్టి పూర్తిగా దులిపిన మొక్కనే తీసుకుంటాను. ఆకు మీద జిడ్డు మరకలాంటి చార కనిపిస్తే మర్యాదగా వద్దంటాను, అది కంటికి ఆనని ఆకు నల్లి (మైట్) పని, ఒక్క మొక్కతో సేకరణంతా పాకుతుంది. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు ఫోటోలో పెద్ద క్లోన్ చూపించి, దాని విత్తనాల నుంచి వచ్చిన పిల్లను అదే పేరుతో పంపాడు. అప్పటి నుంచి ఏ రోజుకారోజు పేపరు పక్కన పెట్టి ఫోటో తీయమంటున్నాను. ఇండియాకి వెళ్తూ సూట్‌కేసులో రెండు పిలకలు పట్టుకురమ్మని అడిగే చుట్టాలకి మొహమాటం లేకుండా కుదరదని చెప్పండి. దిగుమతి పర్మిట్, మొక్కకి తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా మొక్కలు తీసుకెళ్లకూడదు. కడియం నర్సరీల్లోనే పసుపు అంచుల రకాలు దొరుకుతాయి, అక్కడి వానలకి నీరు నిలవకుండా చూసుకుంటే చాలు.

ప్రస్తుతం నా దగ్గర మర్ఫేయి బల్బిల్స్ ట్రే నిండా ఉన్నాయి. ఛాండ్లర్, గిల్బర్ట్ వైపు ఉన్నవాళ్లు ఎవరైనా వచ్చి ఊరికే పట్టుకెళ్లొచ్చు. గోళ్ల కటర్ కూడా వెంట తెచ్చుకోండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మట్టల చివరి ముళ్లు ఇక్కడే కత్తిరించి తీసుకెళ్దురు. విక్టోరియాని మాత్రం అడగొద్దు.