శామ్‌సంగ్ టీ7 షీల్డ్: చెరువు గట్ల మీద రీసెర్చ్ చేసేవాళ్లకి

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి, ఆకివీడు వైపు రొయ్యల రైతుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నా డేటాలో సగం నీటి లెక్కలు: ఆక్సిజన్, ఉప్పు శాతం, పీహెచ్. అవి బయటపడ్డా ఎవరి కొంపా మునగదు. మిగతా సగం రైతుల మాటల రికార్డింగులు. కౌలెంత, మేత కొట్టులో బాకీ ఎంత, ఏ మందు కలిపారు, అన్నీ ఉంటాయి. "ఇది ఎక్కడా పొక్కదు కదండీ?" అని అడిగి మరీ చెప్పారు. వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తిరగడానికి మనసొప్పక ఈ టీ7 షీల్డ్ కొన్నాను, 1 టీబీది. జేబులో పట్టే ఎస్‌ఎస్‌డీ ఇది, అంటే ల్యాప్‌టాప్‌కి తగిలించుకునే స్టోరేజ్ డ్రైవ్.

ముందు నచ్చేది ఆ రబ్బరు తొడుగు. గీతలు గీతలుగా ఉంటుంది, తడిచేత్తో పట్టుకున్నా జారదు. వంద గ్రాములు కూడా తూగదు. 3 మీటర్ల ఎత్తు నుంచి పడ్డా ఏం కాదని కంపెనీ అంటుంది, పడేసి చూసే ధైర్యం నాకు లేదు. ఐపీ65 అంటే దుమ్ముకి, నీటి జల్లుకి తట్టుకుంటుంది. చెరువులో మునిగితే మాత్రం ఆ రేటింగ్ పనికిరాదు. సెకనుకి 1,050 ఎంబీ వేగం ల్యాప్‌టాప్ పోర్టు కూడా ఆ స్థాయిది అయితేనే వస్తుంది. ఆడియో ఫైళ్లకి అంత అక్కర్లేదు కూడా.

అసలు చూడాల్సింది తాళం. 256 బిట్ ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ (డేటాని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే పద్ధతి) లోపలే ఉంది గానీ, పాస్‌వర్డ్ పెట్టకుండా వదిలేస్తే ఎవరు గుచ్చినా తెరుచుకుంటుంది. పెట్టాక, తగిలించగానే అన్‌లాక్ చేసే సాఫ్ట్‌వేర్ ఒక్కటే కనిపిస్తుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే ఇక డేటా మీద ఆశ వదులుకోవడమే. అందుకే కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, మా గైడ్ గారి బీరువాలో పెట్టించాను.

బడ్జెట్ ఉంటే 2 టీబీది ఒకటి కాదు, 1 టీబీవి రెండు తీసుకోండి. మాది యలమంచిలి వైపు లంక. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి చోట రెండు కాపీలూ ఒకే ఇంట్లో పెట్టుకుని ఏం లాభం? రెండోది రాజమండ్రిలో అక్క దగ్గరుంటుంది. వెళ్లినప్పుడల్లా కొత్త ఫైళ్లు ఎక్కించి చెక్‌సమ్‌లు (ఫైలు చెడిపోలేదని తేల్చే అంకెలు) సరిచూస్తాను. ఎస్‌ఎస్‌డీని ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా మూల పడేస్తే డేటా చెడిపోవచ్చు, ఇలా అప్పుడప్పుడూ తగిలిస్తుంటే ఆ పనీ అయిపోతుంది.

ఒక్క లోటు: పాస్‌వర్డ్ సాఫ్ట్‌వేర్ విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్‌లకే. మీ ల్యాబ్‌లో లైనక్స్ అయితే ఈ తాళం జోలికి పోకుండా ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ వాడుకోండి. అప్పుడు ఇంతకన్నా చవక డ్రైవైనా సరిపోతుంది.