కార్డు పెంచితే మేలా, ఆస్పత్రి పెంచితే మేలా?

మా అమ్మకు ఆరోగ్యశ్రీ కార్డు మీద గుండె రక్తనాళంలో స్టెంట్ వేసి ఏడాదిన్నర అవుతోంది. అప్పటి నుంచి మా ఊర్లో ఆస్పత్రుల సంగతి ఏదొచ్చినా నన్నే అడుగుతారు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో మాదొక చిన్న పల్లె. పొద్దున పాలు పోయడానికి పోతే చాలు, ఎవరో ఒకరు పట్టుకుంటారు. ‘కార్డు మీదనే చేసినారంట గదన్నా, చేతి నుంచి ఎంత పడింది?’ అనేది మొదటి ప్రశ్న. దాని వెనకాలే రెండోది వస్తుంది. ‘కార్డు ఇంత బాగా పనిచేస్తాంటే ఇంక సర్కారు ఆస్పత్రులకు డబ్బు పెట్టడం దేనికి? అదంతా కార్డులోనే వేస్తే సరిపోదా?’

మొదటిదానికి జవాబు సులువు. ఆపరేషన్‌కు పైసా పడలేదు. రెండోదానికి మాత్రం ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. ఈసారి నా లెక్క నేను చెబుతాను.

కార్డు విలువ దాన్ని వాడుకున్నవాళ్లకే తెలుస్తుంది. ఆ రాత్రి రెండింటప్పుడు అమ్మ ‘గుండెల మీద రోలు పెట్టినట్టుంది నాయనా’ అనింది. 108 వచ్చి తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో దించింది. డబ్బు ఎక్కడ కట్టమంటారో అని నేను కౌంటర్ కోసం వెతుక్కుంటుంటే, ఆస్పత్రిలో కార్డు పనులు చూసే ఆరోగ్యమిత్ర అమ్మాయి వచ్చి ఆధార్ అడిగింది, మంచం మీద ఉన్న అమ్మను ఒక ఫోటో తీసుకుంది. అత్యవసరం కాబట్టి అనుమతి ఫోన్ మీదనే తెచ్చుకున్నారు. తెల్లారేసరికి స్టెంట్ పడింది. ఆ పూట నా జేబులో ఉన్నది ఏడు వందల చిల్లర.

2007లో ఈ పథకం రాకముందు మా వైపు గుండె ఆపరేషన్ అంటే ఆవుల్ని అమ్ముకోవడమో, వడ్డీకి తెచ్చి వేలూరు బస్సెక్కడమో. మా చిన్నాయన అట్లే రెండెకరాల మామిడి తోట పోగొట్టుకున్నాడు. కాబట్టి కార్డు దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మొదలుపెట్టినప్పుడు ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఊర్లో అందరూ ‘కార్డు’ అనే అంటారు, నేనూ అట్లే రాస్తున్నాను. రెండు లక్షలతో మొదలైన పరిమితి 2023 డిసెంబర్‌లో 25 లక్షలైంది. 2025లో మంత్రివర్గం ఇంకో మార్పుకు ఒప్పుకుంది: రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ కడుతుంది, ఆ పైన 25 లక్షల దాకా పథకాన్ని నడిపే సర్కారు ట్రస్టు చూసుకుంటుంది. వాదన మళ్లీ రాజుకున్నది అందుకే.

ఆ 25 లక్షల అంకె మీద నాకు పెద్ద మోజు లేదు. అంత ఖర్చయ్యే జబ్బు ఊరికి ఒకరికో ఇద్దరికో వస్తుంది. వాళ్లకది ప్రాణంతో సమానం, కాదనను. కానీ షుగరు మాత్ర మింగేవాళ్లు మా వీధిలోనే పద్నాలుగు మంది.

నా తూకం మారింది ఈ మాత్రల దగ్గరే. కార్డు ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవాళ్లకు పనికొస్తుంది. ఓపీలో చూపించుకుని చీటీ రాయించుకుంటే ఆ మందుల బిల్లు మనదే. గుండె, కిడ్నీ లాంటి కొన్ని చికిత్సల తర్వాత మాత్రం ఏడాది పాటు ఫాలో అప్ మందులు ఊరికే ఇస్తారు. ఆ ఏడాది మాకు ఏ టెన్షనూ లేదు. పోవడం, చూపించుకోవడం, సంచి నింపుకుని రావడం. పదమూడో నెలలో కౌంటర్ అబ్బాయి కంప్యూటర్‌లో చూసి ‘అమ్మగారిది అయిపోయిందన్నా’ అన్నాడు. అతని తప్పేం లేదు పాపం. మా అమ్మ మాత్రం ‘ఏం అయిపోయింది నాయనా?’ అని నన్ను అడిగింది, జబ్బే అయిపోయిందేమో అన్నంత ఆశగా.

ఇంటికొచ్చి మాత్రల డబ్బా ముందు పెట్టుకుని లెక్క వేశాం. రక్తం గడ్డకట్టకుండా రెండు రకాలు, కొలెస్ట్రాల్‌కు ఒకటి, బీపీకి ఒకటి, షుగరుకు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మందుల షాపులో నెలకు 1,700 అయింది. టౌన్లో ఉద్యోగం చేసేవాళ్లకు అదొక లెక్క కాకపోవచ్చు. మాకు ఏడాదికి ఇరవై వేలు, అదీ ఆమె బతికున్నన్నాళ్లూ. అమ్మకిప్పుడు అరవై రెండు.

ఒక నెల చివర్లో చూస్తే షుగరు మాత్రను చాకుతో రెండు ముక్కలు చేస్తోంది. ‘సంగటి తగ్గించినా గదా, సగం చాలు’ అంటుంది. ఆ సగం మాత్ర ఏ పథకం లెక్కలోనూ కనపడదు. అట్లా సగం సగం మింగినవాళ్లలో కొందరు కొన్నేళ్లకు పక్షవాతంతోనో, డయాలసిస్‌కో వచ్చి మంచం ఎక్కుతారు. అప్పుడు మాత్రం కార్డు లక్షలు కడుతుంది.

దేశం లెక్క చూసినా ఇదే తీరు. వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం సొంత జేబు నుంచి పెట్టుకున్నది 2013-14లో 64.2 శాతం, 2021-22కు అది 39.4 శాతానికి దిగిందని కేంద్రం చెబుతోంది. దిగడం మంచిదే. మిగిలినదాంట్లో పెద్ద వాటా ఓపీది, మందులది. కార్డు చెయ్యి అక్కడి దాకా చాలదు.

మరి సర్కారు ఆస్పత్రి చేతిలో ఆ మాత్ర ఉందా? మా వైపు పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఉన్న నెల ఉంటుంది, లేని నెల ‘పై నుంచి రాలేదు’ అంటారు. 2023లో వచ్చిన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో పీహెచ్‌సీ డాక్టర్ నెలకు రెండుసార్లు పల్లెకు రావాలి. వచ్చిన రోజు బీపీ చూస్తారు, నాలుగు మాటలు చెబుతారు, చేతిలో ఉన్న మందు ఇస్తారు. ఆలోచన మంచిదే. సరుకు తెగకుండా రావడం దగ్గరే అంతా ఆగుతోంది.

దీనికి మందు ఎక్కడో లేదు, చిత్తూరు దాటితే చాలు. తమిళనాడు 1990ల మధ్యలోనే మందుల కొనుగోలుకు ఒక కార్పొరేషన్ పెట్టుకుంది. రాష్ట్రమంతటికీ ఒకేచోట టెండర్, జిల్లాల్లో గోడౌన్లు, ఒక్కో ఆస్పత్రికి ఒక పాస్‌బుక్. ఆ పాస్‌బుక్‌లో ఉన్న మొత్తానికి ఆస్పత్రే తనకు కావాల్సిన మందు ఎత్తుకుంటుంది. 2021 ఆగస్టులో ‘మక్కళై తేడి మరుత్తువం’ మొదలుపెట్టారు. జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని అర్థం. మొదలైంది కూడా మన కుప్పం పక్కనే ఉన్న కృష్ణగిరి జిల్లాలో. మా మేనత్త అక్కడే ఉంటుంది. ఆమె బీపీ, షుగరు మాత్రలు గడప దగ్గరికి వస్తాయి. ఫోన్లో ఆ సంగతి విన్నాక మా అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, ఆ రాష్ట్రంలో పుట్టకపోవడం నా తప్పైనట్టు.

వాళ్లకు బీమా కార్డు లేదా అంటే ఉంది, 2009 నుంచి. కాకపోతే గోడౌన్లు కట్టుకున్నాక కార్డు తెచ్చుకున్నారు. థాయిలాండ్‌దీ అదే వరస. ముందు పల్లెల్లో ఆస్పత్రులు కట్టుకుని, 2001-02లో ముప్పై భాట్‌ల (భాట్ అంటే అక్కడి రూపాయి) పథకం తెచ్చారు. అక్కడ కార్డు ఉన్నవాళ్ల పేరు దగ్గరి ఆస్పత్రిలోనే రాసుకుంటారు. తలకింత అని ఏటా డబ్బు ఆ ఆస్పత్రికి పోతుంది, ఓపీ, మందులు అన్నీ అందులోనే. జబ్బు ముదిరితే ఆస్పత్రికే ఖర్చు కాబట్టి మాత్ర వేళకు ఇవ్వడం వాళ్లకే లాభం. నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇది. మన దగ్గర కూడా కార్డు డబ్బు సర్కారు ఆస్పత్రులకు వస్తుంది, కాకపోతే ఆపరేషన్ చేసినప్పుడు వస్తుంది.

ఇంకొక సంగతి. కార్డు అంటే ప్రభుత్వం ఇచ్చిన మాట. బిల్లులు వేళకు కడితేనే ఆ మాట నిలుస్తుంది. 2025 అక్టోబర్‌లో బకాయిల గొడవ మీద రాష్ట్రంలో కార్డు తీసుకునే ప్రైవేటు ఆస్పత్రులు (నెట్‌వర్క్ ఆస్పత్రులంటారు) సేవలు ఆపేశాయి. అట్లాంటప్పుడు డబ్బు లేనివాడు పోయే చోటు తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆస్పత్రుల లాంటివే. 1960లో ఎస్వీ మెడికల్ కాలేజీ పెట్టకపోయి ఉంటే, 1986లో ఎన్టీఆర్ స్విమ్స్‌కు పునాదిరాయి వేయకపోయి ఉంటే, కార్డు పట్టుకుని మనం ఏ తలుపు కొట్టేవాళ్లం? పాము కరిచినా, కుక్క కరిచినా, కాన్పు వచ్చినా పల్లెలో మొదట గుర్తొచ్చేది సర్కారు ఆస్పత్రే. అట్లని అక్కడ అంతా బాగుందని కాదు. చీటీకి ఒక క్యూ, డాక్టర్‌కు ఒక క్యూ, రక్తం ఇవ్వడానికి ఇంకొక క్యూ, కసురుకోవడం అదనం. నిలబడలేని ముసలివాళ్లకు ఒక కూలి దినం, తోడు పోయినవాళ్లకు ఇంకొకటి పోతుంది. కార్డు పట్టుకుని ప్రైవేటుకు పోతే కనీసం కుర్చీ చూపిస్తారు. జనం అటు మొగ్గడానికి ఆ కుర్చీయే సగం కారణమని నా అనుమానం.

సర్కారు ఆస్పత్రుల్లో ప్రైవేటు భాగస్వామ్యం (పీపీపీ) గురించి కూడా అడుగుతున్నారు. చిత్తూరు జిల్లా ఆస్పత్రిని ఇప్పటికే ఒక ప్రైవేటు వైద్య కళాశాల బోధనాసుపత్రిగా వాడుకుంటోంది. 2025లో పది కొత్త మెడికల్ కాలేజీలను పీపీపీ కింద ఇవ్వాలని మంత్రివర్గం ఒప్పుకుంది, ఒకప్పటి మన జిల్లాలోని మదనపల్లె అందులో ఉంది. ఫీజులు, సీట్ల సంగతి పక్కన పెడితే నాకు భయం భూమి గురించే. తిరుపతి పక్కన శేషాచలం అడవిని చూడండి. 1989లో నేషనల్ పార్క్ చేశారు, 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అన్నారు. ఊరు పెరిగి కొండ అంచు దాకా వచ్చింది, సెంటు ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. అయినా ఆ అడవి ఎకరాకు ఎంత సంపాదిస్తోందని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. ఊరి నడిబొడ్డునున్న ఆస్పత్రి స్థలాన్ని మాత్రం ఎప్పుడూ ఆ లెక్కతోనే చూస్తాం. దశాబ్దాల లీజుకు పోయిన స్థలం మన మనవళ్ల కాలానికైనా తిరిగి వస్తుందో రాదో. బీమా నచ్చకపోతే వచ్చే ఏడాది మార్చుకోవచ్చు, ఇది అట్లా కాదు. కాబట్టి నావైపు నుంచి ఈ ప్రైవేటు భాగస్వామ్యానికి మార్కులు తక్కువ.

జనం అడిగే మిగిలిన దారుల గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సొంతంగా కట్టుకునే హెల్త్ పాలసీ: నెల జీతం ఉంటే వయసులో ఉన్నప్పుడే తీసుకోండి, ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. వేలూరు సీఎంసీ: 1900 నుంచి ఉన్న నమ్మకం, పోయి రండి, కానీ మన రాష్ట్రం బాధ్యతను పక్క రాష్ట్రం బస్సెక్కించలేం. చవకగా జెనరిక్ మందులమ్మే జన ఔషధి షాపు: మా అమ్మ మాత్రలు ఇప్పుడు అక్కడే కొంటున్నాం, 1,700 బిల్లు 600 దగ్గరికి వచ్చింది. టౌన్‌కు పోయి రావడమే తలనొప్పి.

మొన్న పాలు పోసి వస్తుంటే ఎదురింటి మామ మళ్లీ ఆపాడు. ఉన్న నూరు రూపాయల్లో ముందు అరవై మాత్రలకు, పీహెచ్‌సీకి పెట్టి, మిగిలింది కార్డుకు పెట్టమంటానని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. ‘అంటే రేపు నాకు గుండె పట్టుకుంటే కార్డు వద్దంటావా?’ అన్నాడు.

‘కార్డు బీరువాలో ఉండనీ మామా, ఎవరొద్దన్నారు. బీపీ మాత్ర వేసుకుంటాండావా?’ అని అడిగాను.

పాల క్యాన్ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ‘యాడ నాయనా, మూడు నెలలాయె. రాలేదంటాండారు’ అన్నాడు.